ముహూర్తం లేని మార్పు

మన ఇళ్ళలో పసిపిల్లల ఎదుగుదలకు ప్రతి మెట్టునా ఒక ముహూర్తం ఉంది. ఆరో నెలలో అన్నప్రాశన, తరువాత పుట్టువెంట్రుకలు, మూడో ఏటో ఐదో ఏటో అక్షరాభ్యాసం. కాస్త ఆలస్యమైతే చాలు, "ఇంకా చేయలేదా?" అని చుట్టాలు ముక్కున వేలేసుకొంటారు. మెట్టు త్వరగా ఎక్కడమే ఎదుగుదల అన్న భావన మనలో అంతగా పాతుకొని పోయింది. కారులో పిల్లను కూర్చోబెట్టే సీటు విషయంలో మాత్రం ఈ లెక్క తలక్రిందులవుతుంది. ఇక్కడ ప్రతి మార్పూ రక్షణలో ఒక మెట్టు క్రిందికి దిగడమే. కాబట్టి ఎంత ఆలస్యంగా దిగితే అంత మేలు.

ఆ మెట్లు నాలుగు. మొదటిది, కారు వెనుక అద్దం వైపు ముఖం పెట్టి కూర్చునే సీటు. రెండవది, ముందుకు తిరిగి, భుజాల మీదుగా, నడుముకు రెండు ప్రక్కల, కాళ్ళ నడుమ వచ్చే ఐదు పట్టీలతో బిగించే సీటు. మూడవది బూస్టర్. పిల్లను కాస్త ఎత్తులో కూర్చోబెట్టి, కారు బెల్టు మెడకు కాక భుజానికీ, పొట్టకు కాక తుంటి ఎముకకూ ఆనేటట్లు చేసే పీట అది. నాలుగవది పెద్దలవలె వట్టి బెల్టు.

మేముండేది కర్నూలు. నా భార్య పుట్టిల్లు కడప. నంద్యాల, ఆళ్ళగడ్డ, చాగలమర్రి, మైదుకూరుల మీదుగా రమారమి రెండువందల కిలోమీటర్లు. ఒకప్పుడు పద్దెనిమిదో నంబరుగా ఉండి ఇప్పుడు నలభైగా మారిన జాతీయ రహదారి, నాలుగు వరుసలు. ఎడమవైపు దూరంగా నల్లమల కొండలు తోడు వస్తూంటాయి. దారి తిన్నగా ఉండటం వలన బండ్ల వేగమూ ఎక్కువే. రోడ్డుకు అడ్డంగా వచ్చే గొర్రెల మందలూ, ఎదురు వరుసలో వచ్చే ట్రాక్టర్లూ తక్కువేమీ కాదు.

మా అమ్మాయికి రెండేళ్ళు నిండిన వేసవిలో ఈ దారిలోనే చర్చ మొదలైంది. మా అత్తగారు ప్రక్కన కూర్చొని, మనవరాలి వైపు జాలిగా చూస్తూ అన్నారు: "ఏం నాయనా, రెండేండ్లు నిండె. ఇంగా గోడకు తిరిగిన బిడ్డ మాదిరి కూసోబెడితిరి. కాళ్లు ముడ్సుకోని ఉండాది సూడు."

ఆవిడ అన్నదాంట్లో న్యాయం లేకపోలేదు. సీటుకు అంటించిన చీటీ కూడా ఒక విధంగా ఆవిడ పక్షమే. మన దేశపు ప్రమాణం ఏఐఎస్-072, ఐరోపా పాత ప్రమాణం ఆర్44 మాదిరిగానే పిల్లలను బరువునుబట్టి విభజిస్తుంది. మా సీటు రెండు విధాలా వాడదగినది. వెనక్కు త్రిప్పి 13 కిలోల దాకా, ముందుకు త్రిప్పి 9 నుండి 18 కిలోల దాకా. అంటే 9కీ 13కీ మధ్య ఎటు త్రిప్పినా నిబంధనకు విరుద్ధం కాదు. మా అమ్మాయి మొదటి పుట్టినరోజుకే 9 కిలోలు తూగింది, రెండేళ్ళకు 11. నిర్ణయమంతా ఆ నాలుగు కిలోల నడుమనే ఉంది, అది పూర్తిగా మా చేతిలో ఉంది.

చట్టం వైపు చూస్తే సాయం దొరకలేదు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు చేర్చిన 194-బి సెక్షన్, పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకు సీటు బెల్టుగానీ పిల్లల సీటుగానీ ఉండాలంటుంది. లేకుంటే వెయ్యి రూపాయల జరిమానా. ఏ సీటు నుండి ఏ సీటుకు ఎప్పుడు మారాలన్నది ఆ సెక్షన్ చెప్పదు. ఒడిలోని శిశువుకూ, ఎనిమిదో తరగతి పిల్లవాడికీ ఒకటే వాక్యం!

అందుకని వెనక్కు త్రిప్పడం అసలెందుకన్న ప్రశ్న దగ్గరికి వెళ్ళాను. పెద్దవాళ్ళ శరీరంలో తల ఎనిమిదో వంతు పొడవుంటే, పసికందులో నాలుగో వంతు. ఆ బరువైన తలను మోసే మెడ ఎముకలు ఇంకా పూర్తిగా అతుక్కొని ఉండవు. మధ్యలో మృదులాస్థి ఉంటుంది. ఎదురుగా గుద్దుకొన్నప్పుడు ముందుకు తిరిగిన పిల్ల మొండెాన్ని పట్టీలు ఆపుతాయి, తల మాత్రం ముందుకు విసురుగా పోతుంది. వెనక్కు తిరిగి ఉంటే వీపు, మెడ, తల అన్నీ ఒక్కసారిగా సీటు చిప్పలోకి ఒరుగుతాయి. దెబ్బ వీపంతటా పంచుకోబడుతుంది. 1960లలో స్వీడన్ ఆచార్యుడు బెర్టిల్ ఆల్డ్‌మన్‌కు ఈ ఆలోచన, అమెరికా జెమిని వ్యోమగాములు వీపు ఆన్చి కూర్చునే తీరును చూసి కలిగిందట. ఆ దేశంలో నాలుగేళ్ళ దాకా పిల్లలు వెనక్కు తిరిగి ప్రయాణించడం మామూలు విషయం.

అమెరికా శిశువైద్యుల అకాడమీ కథ ఇంకా ఆసక్తికరం. 2011లో వారు కనీసం రెండేళ్ళ దాకా వెనక్కే ఉంచమన్నారు. 2018లో ఆ వయసునే తీసివేసి, సీటు అనుమతించే బరువు లేదా ఎత్తు దాటేదాకా ఉంచమన్నారు. ఐరోపాలో 2013లో వచ్చిన ఆర్129 ప్రమాణం కూడా తూకానికి బదులు ఎత్తును లెక్కలోకి తీసుకొని, 15 నెలలు నిండనిదే ముందుకు త్రిప్పరాదంది. పుట్టినరోజును వదిలి శరీరాన్ని చూడమన్నదే ఈ మార్పుల సారాంశం.

ఇదంతా అత్తగారికి ఉపన్యాసంగా చెప్పలేం కదా. "కాళ్ళకు దెబ్బ తగిలితే అతుకుతాయి అత్తమ్మా, మెడ సంగతి అట్లా కాదు" అన్నాను. ఆవిడ కాసేపు ఊరకుండి, "అయితే నా ఒళ్ళో పెట్టు, గట్టిగా పట్టుకుంటా" అన్నారు. ఆ ప్రేమను కాదనడమే అన్నిటికన్నా కష్టం. గంటకు 50 కిలోమీటర్ల వేగం సెకనులో పదో వంతులో ఆగిపోతే, 11 కిలోల పిల్ల చేతులకు నూటయాభై కిలోలకు పైగా తూగుతుంది. మూడు సిమెంటు బస్తాలు! ఎఱ్ఱగుంట్లలో బస్తాలెత్తే హమాలీ కూడా ఆ క్షణంలో పట్టుకోలేడు. సిమెంటు బస్తాల లెక్క ఆవిడకు వెంటనే అర్థమైంది.

అమ్మాయిని 13 కిలోలు నిండేదాకా వెనక్కే ఉంచాము. మూడేళ్ళు దాటాక గానీ త్రిప్పలేదు. తల సీటు పై అంచును దాటకుండా మధ్యమధ్య చూసుకొనేవాళ్ళం. ఎయిర్‌బ్యాగు ఉన్న ముందు సీటులో అటువంటి సీటు పెట్టకూడదు కాబట్టి ఎప్పుడూ వెనుకనే బిగించాము. మే నెల ఎండలో బకిల్ కాలిపోతుంటే తడిగుడ్డ కప్పి, చల్లారాక బిగించేవాళ్ళం.

సొంత కారు ఉన్నవాళ్ళకే ఇవన్నీ అని ఎవరైనా అంటే ఒప్పుకోవాలి. మహానందికో ఒంటిమిట్టకో బాడుగ కారులో ఏడుగురు సర్దుకొని వెళ్ళే ఇంట్లో, పిల్లకొక సీటు అంటే ఒక పెద్ద మనిషి ఇంట్లో ఆగిపోవడమే. చాలా బాడుగ కార్లలో వెనుక బకిళ్ళు సీటు కవర్ల క్రింద పూడుకొని ఉంటాయి. ఇక మోటారు సైకిలే కారైన ఇళ్ళు ఎన్నో. 2022 ఫిబ్రవరిలో ప్రకటించిన కేంద్ర నిబంధన, ఏడాది గడువు తరువాత అమలుకు వచ్చేటట్లుగా, తొమ్మిది నెలలు దాటి నాలుగేళ్ళ లోపు పిల్లలకు హెల్మెట్, నడిపేవారికి కట్టే పట్టీ ఉండాలనీ, వేగం గంటకు 40 కిలోమీటర్లు మించరాదనీ చెప్పింది. ఆ పట్టీ కట్టుకొన్న బండి మా వీధిలో నాకింతవరకు కనబడలేదు. బాడుగ కారు ఎక్కే ముందు "వెనుక బెల్టులు బయటికి తీయి నాయనా" అని డ్రైవరును అడగడానికి మాత్రం ఖర్చేమీ లేదు.

ఇప్పుడు మా అమ్మాయికి ఐదేళ్ళు, 16 కిలోలు. బూస్టర్లు 15 కిలోల నుండే అనుమతిస్తాయి గనుక మళ్ళీ అదే ప్రశ్న వచ్చింది. భుజాలు పట్టీల రంధ్రాలకు మించి పెరగకపోతే 18 దాకా ఐదు పట్టీలలోనే అని నిశ్చయించుకొన్నాము. ఆ తరువాత బూస్టర్. ఎత్తు 145 సెంటీమీటర్ల దరిదాపులకు వచ్చి, వీపు ఆన్చినా మోకాళ్ళు సీటు అంచున వంగి, బెల్టు సరియైన చోట ఆనినప్పుడే వట్టి బెల్టు.

తనకూ తొందరే. క్లాసులో ఎవరో బూస్టర్‌లో కూర్చుంటున్నారట. బియ్యం అంగడి కాటా మీద నిలబెట్టి అంకె చూపించాను. సాయంత్రం ఫోనులో వాళ్ళ అవ్వకు తనే చెప్పుకొంది: "ఇంగా రెండు కిలోలంట అవ్వా."