వేళ్ళు పుట్టించే ఊళ్ళు

రాజమహేంద్రవరం నుంచి రావులపాలెం వైపు జాతీయ రహదారి మీద పోతూంటే, వేమగిరి దాటిన కొంచెం సేపటికి రోడ్డుకు రెండు వైపులా ఒక వింత కనిపిస్తుంది. ఎటు చూసినా మొక్కలే! క్రోటన్లు, గులాబీలు, మందారాలు, అంటుమామిళ్ళు, రబ్బరు మొక్కలు, పేరు తెలియని దేశదేశాల మొక్కలు సంచుల్లోనూ కుండీల్లోనూ బారులు తీరి ఉంటాయి. ఇదే కడియం ప్రాంతం. కడియం, కడియపులంక, బుర్రిలంక, వేమగిరి, పొట్టిలంక—ఈ ఊళ్ళలో మొక్కలు పెంచి అమ్మటమే చాలా కుటుంబాలకు జీవనాధారం. ఇక్కడి మొక్కలు లారీలెక్కి దూర రాష్ట్రాలకు కూడా పోతాయి.

ఈ వృత్తి ఇక్కడ వర్ధిల్లటానికి తగిన కారణం ఉన్నది. ఎగువన కొద్ది దూరంలోనే ధవళేశ్వరం. అక్కడ ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852 నాటికి గోదావరికి ఆనకట్ట కట్టించాడు. ఆనాటి నుంచీ ఈ నేలకు కాలువ నీరు దొరికింది. నది తెచ్చి పోసిన ఒండ్రుమట్టి అంతకు ముందే ఉన్నది. నీరూ, మట్టీ ఉన్న చోట మొక్కకు లోటేమిటి?

ఇక్కడికి వచ్చిన వాళ్ళందరూ ముందు పూలు చూస్తారు. మీరు కూడా చూడండి, తప్పులేదు. కాని చూసిన తరవాత ఒక ప్రశ్న వేసుకోండి. ఒక మందార కొమ్మను విరిచి ఇంటికి తీసుకుపోతే అది రెండు రోజుల్లో వాడిపోతుంది. అదే కొమ్మ ఇక్కడ సంచిలో ఉంటే, వంద మైళ్ళు లారీలో ప్రయాణం చేసి కూడా బతుకుతుంది. ఎందుచేత? సంచిలో ఉన్న కొమ్మకు వేళ్ళున్నాయి. కనక కడియం వాళ్ళు పైకి అమ్మేది ఆకులూ పూలూ అయినా, వాళ్ళు నిజంగా తయారుచేసేది వేళ్ళు!

ఆ తయారీ ఎలా జరుగుతుందో చూద్దాం రండి.

ఎండ సూటిగా పడకుండా ఆకుపచ్చని వలలు కట్టిన పందిళ్ళున్నాయి చూశారా? వాటి కింద చిన్న సంచుల్లో జానెడు కొమ్మముక్కలు గుచ్చి ఉంటాయి. వాటికి ఆకులు ఒకటీ రెండూ మాత్రమే ఉంచి, తక్కినవి తీసేస్తారు. ఎందుకంటే, ఆకుల నుంచి నీరు ఆవిరై పోతూనే ఉంటుంది. కింద వేళ్ళు లేవు కనక పోయిన నీరు తిరిగి రాదు. ఆకులు తగ్గిస్తే ఖర్చు తగ్గినట్టు. నీడా, చెమ్మా ఉంటే కొమ్మ కొన్ని వారాలు ఓర్చుకుంటుంది. ఈలోగా కోసిన చోట గాయం మాని, ఆ పరిసరాల నుంచి తెల్లని వేళ్ళు బయటికి వస్తాయి. కొత్త చిగురు కనిపించగానే మొక్క బతికిందని సంతోషించి, వెంటనే పీకి చూడకూడదు సుమండీ!

ఇంతకంటె తమాషా అయిన పని మరొకటి ఉన్నది. దాన్ని గాలి అంటు అంటారు. రబ్బరు మొక్క, దానిమ్మ, జామ, నిమ్మ మొదలైన వాటికి ఇది బాగా పనికివస్తుంది. చెట్టునే ఉన్న కొమ్మకు, పెన్సిలంత లావున్న చోట, అంగుళం వెడల్పున బెరడును ఉంగరంలాగా వలిచేస్తారు. అక్కడ తడిపిన నాచు గాని కొబ్బరిపొట్టు గాని ముద్దగా పెట్టి, పైన ప్లాస్టిక్ కాగితం చుట్టి, రెండు కొసలా దారంతో బిగించి కడతారు. కొన్ని వారాలు గడిచేసరికి, గాలిలో వేలాడే ఆ ముద్దలో వేళ్ళు పుడతాయి. అప్పుడు ముద్దకు దిగువన కోస్తే, కొమ్మ కాస్తా మొక్క అయిపోతుంది!

బెరడు వలిస్తే కొమ్మ ఎందుకు చచ్చిపోలేదు? కాండంలో రెండు దారులున్నాయి. నీరు పైకి ఎక్కే దారి లోపలి చెక్కలో ఉన్నది. ఆకులు తయారుచేసిన ఆహారం కిందికి దిగే దారి బెరడును అంటి ఉన్నది. మనం రెండో దారిని మాత్రమే తెంచాం. నీరు ఎప్పటిలాగే పైకి వస్తున్నది, ఆకులు వాడలేదు. ఆహారం మాత్రం దిగి దిగి, దారి లేక, కోతకు పైన పోగుపడుతుంది. ఆహారంతో పాటు, వేళ్ళను పుట్టించే ఆక్సిన్ అనే పదార్థం కూడా అక్కడే చేరుతుంది. అందుకే వేళ్ళు ఎప్పుడూ కోతకు పై అంచు నుంచే పుడతాయి.

ఇక ఆ వేరు ఏం చేస్తుందో చూడండి. దాని కొనకు ఒక తొడుగు ఉంటుంది. బట్టలు కుట్టేవాడు వేలికి తొడుక్కునే తొడుగులాంటిదే. మట్టిరేణువుల మధ్య దూరేటప్పుడు తొడుగు అరిగిపోతూ ఉంటుంది, లోపలి నుంచి కొత్తది తయారవుతూ ఉంటుంది. ఆ తొడుగులో బరువైన పిండి రేణువులున్నాయి. బిందెలో ఇసుక అడుక్కి చేరినట్టు అవి ఎప్పుడూ కింది వైపుకు చేరతాయి. కింద ఎటో వేరుకు తెలిసేది వాటి వల్లనే. ఛార్లెస్ డార్విన్, ఆయన కుమారుడు ఫ్రాన్సిస్ కలిసి 1880లో ప్రకటించిన గ్రంథంలో, వేరు కొన చేసే పనిని చిన్న ప్రాణుల మెదడు చేసే పనితో పోల్చారు.

కొనకు కొంచెం వెనకగా నూగులాగా సన్నని మూలకేశాలుంటాయి. మట్టి నుంచి నీటినీ, లవణాలనూ పీల్చటంలో వీటి సాయమే ఎక్కువ. ఇవి ఎన్ని ఉంటాయో తెలుసా? 1937లో అమెరికాలో డిట్మర్ అనే శాస్త్రజ్ఞుడు, ఒక అడుగు వెడల్పూ రెండడుగుల లోపు లోతూ ఉన్న పెట్టెలో, గోధుమకు దగ్గర చుట్టమైన రై మొక్కను ఒక్కదాన్ని నాలుగు నెలలు పెంచి, దాని వేళ్ళు లెక్క కట్టాడు. అవి కోటీ ముప్పై లక్షలకు పైగా ఉన్నాయి! అన్నిటినీ వరసగా పెడితే 620 కిలోమీటర్లు దాటుతాయి. రోడ్డున హైదరాబాదు నుంచి విశాఖపట్నం దాదాపు అంత దూరం. మూలకేశాలైతే సుమారు 1,400 కోట్లు! మొక్కను లాగి పీకితే ముందుగా తెగిపోయేవి ఇవే. అందుకే కడియంలో మొక్కను ఎప్పుడూ మట్టిగడ్డతో సహా ఇస్తారు.

సరే, మీరు ముచ్చటపడి ఒక మొక్క కొనుక్కుని ఇంటికి వెళ్ళారనుకుందాం. అసలు గండం ఇక్కడి నుంచే మొదలవుతుంది. మొక్క మీద ప్రేమకొద్దీ ఇంట్లో అందరూ నీళ్ళు పోస్తారు. పొద్దున అమ్మ, మధ్యాహ్నం తాతగారు, సాయంత్రం మీరు! వారం తిరిగేసరికి ఆకులు వేలాడతాయి. ‘అయ్యో, దాహం వేస్తున్నది కాబోలు’ అని మరో చెంబుడు పోస్తారు. కొద్ది రోజుల్లో మొక్క చచ్చిపోతుంది. ప్రేమ లేక కాదు, అది ఎక్కువై!

వేళ్ళు నీరు తాగుతాయని అందరికీ తెలుసు. అవి ఊపిరి పీలుస్తాయని చాలామందికి తెలియదు. మట్టిరేణువుల మధ్య సందుల్లో గాలి ఉంటుంది. వేళ్ళకు కావలసిన ప్రాణవాయువు ఆ గాలి నుంచి వస్తుంది. ఆ సందులన్నీ నీటితో నిండిపోతే ఇక గాలి ఎక్కడిది? ప్రాణవాయువు గాలిలో కంటె నీటిలో సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. ఊపిరాడని వేరు పని మానుతుంది, తరవాత కుళ్ళుతుంది. కుళ్ళిన వేరు నీరు పీల్చలేదు. కనక నీళ్ళలో నిలబడి ఉండి కూడా మొక్క నీరందక వాడిపోతుంది!

‘మరి వరి నీళ్ళలోనే ఉంటుందే!’ అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. కడియం నుంచి నాలుగడుగులు వేస్తే వరిపొలాలే. వరి కాండంలోనూ వేళ్ళలోనూ సన్నని గాలి గొట్టాలున్నాయి. ఆకులకు తగిలిన గాలి వాటి గుండా వేళ్ళకు దిగుతుంది. ఇదే గోదావరి సముద్రంలో కలిసే చోట, కోరంగి మడ అడవుల్లో, తెల్లమడ చెట్లు మరో ఉపాయం చేస్తాయి. బురదలోంచి వాటి వేళ్ళు సూదుల్లాగా పైకి పొడుచుకువచ్చి గాలి పీలుస్తాయి. సీసాలో పెంచే మనీప్లాంటు కూడా నీటికి తగిన వేళ్ళే వేసుకుంటుంది. దానికైనా వారానికొకసారి నీరు మార్చాలి. మార్చిన నీటితో పాటు కొత్త ప్రాణవాయువు వస్తుంది. కాని క్రోటనుకూ గులాబీకీ ఇలాంటి ఏర్పాట్లు లేవు. వాటి ఊపిరి మన చేతిలో ఉన్నది.

కనక ఈ నాలుగు సంగతులూ గుర్తుంచుకోండి. కుండీకి అడుగున కన్నం తప్పక ఉండాలి. మట్టి జారిపోకుండా దాని మీద ఒక పెంకుముక్క పెట్టండి. నీరు పోసేముందు చూపుడు వేలును రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చి చూడండి. లోపల తడిగా ఉంటే ఇవాళ పొయ్యవద్దు. కింద పళ్ళెంలో నీరు నిలిస్తే పారబొయ్యండి. కన్నంలోంచి వేళ్ళు బయటికి వచ్చినా, మట్టిగడ్డ చుట్టూ వేళ్ళు చాపలాగా అల్లుకుపోయినా, ఇల్లు ఇరుకైందన్న మాట. రెండంగుళాలు పెద్దదైన కుండీలోకి మార్చండి. ఒక్కసారే గంగాళమంత కుండీలో పెడితే, వేళ్ళు అందుకోలేని మట్టి ఎప్పుడూ తడిగానే ఉండిపోతుంది.

వేళ్ళను కళ్ళతో చూడాలని ఉంటే, గాజుగ్లాసులో తడిగుడ్డ పెట్టి, గుడ్డకూ గాజుకూ మధ్య నాలుగు చిక్కుడు గింజలు ఇరికించండి. గుడ్డ ఆరిపోకుండా చూస్తూ ఉంటే, కొద్ది రోజుల్లో వేరు కిందికి దిగుతుంది. అప్పుడు గ్లాసును పక్కకు పడుకోబెట్టండి. మర్నాడు చూస్తే వేరు కొన మళ్ళీ నేలవైపు వంగి ఉంటుంది! గ్లాసులో నీరు గింజలు మునిగేదాకా మాత్రం పొయ్యకండి. ఎందుకో మీకు ఇప్పుడు తెలుసు.