ముక్తినాథ మార్గంలో సంకల్పత్యాగం

నిత్యపూజకు ఉపక్రమించే ముందు మనం సంకల్పం చెప్పుకొంటాము. మేరువుకు దక్షిణాన, శ్రీశైలానికి ఫలానా దిక్కున, ఈ సంవత్సరంలో, ఈ మాసంలో, ఈ తిథినాడు, ఫలానా గోత్రంలో జన్మించిన నేను ఈ కర్మను ఆచరిస్తున్నానని. ఆచరించబోయే కర్మ పేరు చివరకు వస్తుంది. అంతకుముందు చెప్పేదంతా నేను ఎక్కడ ఉన్నాను, ఎవరిని అన్నదే. విశాఖపట్టణంలో నివసించే నేను నలభై ఏళ్లుగా ఈ మాటలను ఉచ్చరిస్తూనే ఉన్నాను. వాటి క్రమంలోని ఔచిత్యం మాత్రం నేపాళ యాత్రకు పథకం వేసుకొనేటప్పుడు గానీ స్ఫురించలేదు.

పదకొండేళ్లుగా కొండదారుల్లో పరుగెత్తడం నాకు అభ్యాసం. ఉషఃకాలంలో సింహాచలం మెట్లెక్కి దిగిరావడం నాకు ఒక జపం వంటిది. మా ఇంట తండ్రిగారు అర్చించిన సాలగ్రామం ఉంది. అది లభించే కాళీగండకీ తీరాన్ని దర్శించాలని వారు జీవితాంతం కోరుకొన్నారు; ఆ కోరిక తీరకుండానే వెళ్లిపోయారు. వచ్చే కార్తికంలో నేనూ, తమ్ముడూ అన్నపూర్ణ పర్వతశ్రేణిని చుట్టే దారిలో పరుగెత్తి, 5,416 మీటర్ల ఎత్తున ఉన్న తోరోంగ్ కనుమను దాటి, ముక్తినాథ క్షేత్రానికి దిగాలని నిశ్చయించుకొన్నాము.

నాకు దొరికే సెలవు తొమ్మిది దినాలు. దానికి తగినట్టు ఒక పట్టిక సిద్ధం చేశాను. బేసీసహర్ నుండి జీపులో చామే వరకు, అక్కడ సుమారు 2,670 మీటర్ల ఎత్తున తొలిరాత్రి. మరునాడు మనాంగ్, సుమారు 3,540. మూడవనాడు కనుమ పాదంలోని తోరోంగ్ ఫేదీ, సుమారు 4,500. నాలుగవనాడు కనుమ. దూరాలన్నీ మా కాళ్లకు అలవాటైనవే. ఆ పట్టికను తమ్ముడికి పంపాను. వాడు ఒకే ప్రశ్న అడిగాడు.

"అన్నయ్యా, ఇందులో వెనక్కి తిరిగే రోజు ఎక్కడుంది?"

ఆ ప్రశ్నకు నేను వెంటనే సమాధానం చెప్పలేకపోయాను. దాని వెనుక ఉన్నదేమిటో మా ఇద్దరికీ తెలుసు.

కొన్నేళ్ల క్రితం ఉత్తరాఖండంలో మరొక కనుమకు వెళ్లినప్పుడు, 4,000 మీటర్ల దగ్గర వాడికి శిరోవేదన ప్రారంభమైంది. వాంతి చేసుకొన్నాడు. "ఇంకొక్క గంట ఓర్చుకో, శిఖరరేఖ కనిపిస్తూనే ఉంది" అన్నాను. వాడు నా మాట కాదనలేదు. అన్నగారి మాట ఎన్నడూ కాదనలేదు. గంట గడిచేసరికి తిన్నగా నడవలేకపోయాడు, మాట తడబడింది. ఆ రాత్రి మార్గదర్శకుడూ, ఇద్దరు కూలీలూ వాడిని వీపులపై మోసి దించారు. దిగిన కొద్దీ తేరుకొన్నాడు. ఆనాటి నుండి నేటివరకు వాడు నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నన్ను దహిస్తూ వచ్చింది.

భగవద్గీత ఆరవ అధ్యాయ ప్రారంభంలో, సంకల్పాన్ని సన్న్యసించనివాడెవడూ యోగి కాజాలడని భగవానుడు చెబుతాడు. ఇది నన్ను చిరకాలం కలవరపెట్టిన వాక్యం. సంకల్పం లేనిదే పూజ లేదు, యాత్ర లేదు. మరి దానిని విడిచేదెట్లా? శంకర భగవత్పాదులు తమ భాష్యంలో అక్కడి సంకల్పాన్ని ఫలవిషయకమైన సంకల్పంగా వివరించారు. విడువవలసింది కర్మకై చేసుకొనే సన్నాహాన్ని కాదు, ఫలంపై పెట్టుకొన్న పట్టుదలను. అయితే ఫలాన్ని విడిచానని నాకు నేను చెప్పుకోవడం సులభం. నిజంగా విడిచానా లేదా అన్నదానికి నా పట్టికే సాక్ష్యం. వెనుదిరగడానికి చోటులేని పథకంలో ఫలత్యాగం లేదు.

కనుక పట్టికను మొదటినుండి మళ్లీ వ్రాశాను. ఈసారి కనుమతో కాక, మేము ఎవరమన్నదానితో మొదలుపెట్టాను: సముద్రతీరవాసులం, యాభై దాటిన అన్న, ఒకసారి పర్వతవ్యాధికి లోనైన తమ్ముడు. దేహదార్ఢ్యం ఆ వ్యాధిని నివారించదు. వేగంగా ఎక్కగలిగినవాడికే ప్రమాదం అధికం. 3,000 మీటర్ల పైన, నిద్రించే ఎత్తును దినానికి 500 మీటర్లకు మించి పెంచరాదని, మూడు నాలుగు దినాలకొకసారి ఆగాలని వైద్యుల నియమం. నా మొదటి పట్టిక దానిని రెండు రాత్రులు వరుసగా ఉల్లంఘించింది. ఇప్పుడు చామే తరువాత పీసాంగ్‌లో ఒక రాత్రి, మనాంగ్‌లో మూడు రాత్రులు, యాక్ ఖర్కాలో ఒకటి, ఫేదీలో ఒకటి. ఎక్కేటప్పుడు నడక మాత్రమే. పరుగు కనుమ దాటి దిగేటప్పుడే. స్థానికుడైన మార్గదర్శకుడు వెంట ఉంటాడు. ప్రతి సాయంకాలం మడమకు బొటనవేలు ఆనించి పది అడుగులు సరళరేఖలో వేయాలి. తడబడినవాడితో ఇద్దరమూ కిందికి దిగాలి. "తిరుగుదాం" అని ఎవరు ముందు అన్నా, రెండవవాడు కారణం అడగరాదు. సెలవు మరో అయిదు దినాలు జీతం లేకుండా తీసుకొన్నాను. బరువు తగ్గించుకోవడానికి తీసివేసిన దళసరి కోటు మళ్లీ సంచిలో చేరింది.

కోటు చేరడానికి మరొక కారణమూ ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా నగరాన్ని తాకింది. మా వీధిలో ఒక్క చెట్టూ నిలువలేదు. దాని శేషమే ఉత్తరానికి సాగి, రెండు దినాల తరువాత ఈ కనుమ ప్రాంతంలో హిమపాతమై కురిసి, నలభైమందికి పైగా ప్రాణాలు తీసింది. ఆ నెల ఆ కొండలలో నిర్మలంగా ఉంటుందనే యాత్రికులు వెళతారు. మా సముద్రం మీద పుట్టిన గాలి అంత దూరం వెళ్లి వారిని చేరింది.

పథకం మారుస్తుండగా ఇంకొక సంగతి తట్టింది. ముక్తినాథుని చేరడానికి కనుమ దాటనవసరమే లేదు. పోఖరా నుండి జోంసోం మీదుగా జీపులు ఆలయ సమీపం వరకు వెళతాయి. వృద్ధులు కూడా వెళ్లి నూట ఎనిమిది ధారల కింద స్నానం చేసి వస్తున్నారు. తండ్రిగారు కోరిన గండకి కూడా ఆ దారిలోనే ప్రవహిస్తుంది. కనుమ వారి కోరిక కాదు, నాది. మనాంగ్ నుండి వెనుదిరిగితే ఆ దారినే వెళదామని పట్టిక చివర వ్రాశాను. అలా వ్రాస్తున్నప్పుడు చేయి కాస్త బరువెక్కిందని దాచను. ఆ 5,416 అనే అంకె ఇంకా నన్ను పిలుస్తూనే ఉంది. త్యాగం పూర్తికాలేదు; దానికి చోటు మాత్రం ఏర్పడింది.

కొత్త పట్టికను తమ్ముడికి పంపి, ఈసారి ఫోను చేశాను. ఉత్తరాఖండంలో ఆనాడు నేను చేసింది తప్పని, ఇన్నేళ్లకు నోరు విడిచి చెప్పాను. వాడు కొంతసేపు మౌనంగా ఉన్నాడు.

"మనాంగ్‌లో మూడు రాత్రులంటే చదువుకోవడానికి తీరిక దొరుకుతుంది. గీత తీసుకొని రా అన్నయ్యా, చిన్న ప్రతి చాలు, బరువవుతుంది" అన్నాడు.

సంచిలో చివరిగా చేరిన వస్తువు అదే.