పానగల్లు నీడ.... పాలమూరు మర్రి.... ఓ చిన్న కెమెరా!

అభిమాన తారల స్టిల్స్ దాచుకునే కుర్రకారుకి ఓ ప్రశ్న. జేబులో ఫోనుండగా మళ్లీ విడిగా కెమెరా ఎందుకండీ?

నల్గొండ గడియారం సెంటర్ దగ్గర ఫొటో స్టూడియో నడుపుతున్న పెద్దాయన కూడా నన్ను ఇదే అడిగాడు. పదేళ్లు నాతో ఊళ్లు తిరిగిన కాంపాక్ట్ కెమెరా లెన్సు బిగుసుకుపోయి, బైటికి రానని మొరాయించింది. విడిభాగాలు దొరకవట. దాని బదులు మరోటి చూద్దామని వెళితే ఆయన నవ్వేశాడు.

"ఎవరడుగుతున్నరు తమ్మీ ఆ చిన్న కెమెరాలు? అందరి చేతిల ఫోనున్నది గద!"

నిజమే! ఒకప్పుడు ఆగ్ఫా క్లిక్-3 మెడలో వేలాడితే చాలు, ఆ కుర్రాడు ఊళ్లో హీరో. 120 రోలుకి పన్నెండే బొమ్మలు. 1980లలో 110 ఫిల్ము వేసుకునే హాట్ షాట్ వచ్చి ఆ సరదాని ఇంకొంచెం తేలిక చేసింది. అయినా నొక్కేముందు ప్రతి బొమ్మకీ లెక్క చూసుకోవాల్సిందే. ఇవాళ ఫోనులో వెయ్యి తీసినా పైసా ఖర్చులేదు. మరి రాతలతో, ఫొటోలతో పొట్ట పోసుకునే నాలాంటివాడు చిన్న కెమెరాకి ఏభై వేల పైమాటే పొయ్యడం తెలివైన పనేనా?

తేల్చుకుందామని మిత్రుడి కెమెరా అరువు తెచ్చాను. ఒక చేత అది, రెండో చేత ఫోను. మూడు మజిలీలు!

మొదటిది మహబూబ్‌నగర్ పక్కన పిల్లలమర్రి. సుమారు ఏడు వందల ఏళ్లదని చెప్పుకునే మహావృక్షం. అసలు మొదలేదో, ఊడేదో పోల్చుకోలేం. 2017లో కొమ్మ విరిగిపడితే సందర్శకుల్ని ఆపేశారు. 2018లో చెదల నుంచి కాపాడ్డానికి మనుషులకి పెట్టినట్టే చెట్టుకి సెలైన్ సీసాలతో మందెక్కించారు. అంత చెట్టూ ఒక్క ఫ్రేములో పట్టాలంటే బాగా వెడల్పు లెన్సుండాలి. అది ఫోనులో ఉంది, కెమెరాలో లేదు. తొలి రౌండ్ ఫోనుదే!

రెండోది నాగార్జునసాగర్. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన డ్యాము. ఇరవై ఆరు గేట్లు. దూరంగా నిలబడి ఒక్క గేటునీ, దాని మీదుగా దూకే నురగనీ పట్టాలనుకున్నాను. ఫోను దగ్గరికి లాగేసరికి నురగంతా పిండి ముద్దలా అలికేసింది. కెమెరాలో లెన్సే ముందుకు జరిగి దగ్గర చేస్తుంది గనుక తుంపర తుంపరగా కనిపించింది. లెక్క సరి!

ఇక క్లైమాక్స్.... పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం. కందూరు చోళుల కాలం నాటి త్రికూటాలయం. ఒక గర్భగుడిలో శివలింగం వెనక గోడమీద పగలంతా ఓ స్తంభం నీడ కదలకుండా నిలుస్తుంది. బైట సూర్యుడు తిరుగుతున్నా నీడ చోటు మారదు! ఆ నీడ ఏ ఒక్క స్తంభానిదీ కాదు. స్తంభాల సందుల్లోంచి చెదిరి లోపలికొచ్చే వెలుతురు చేసే గారడీ అది.

ఫోను తీశాను. చీకటి చూసిందో లేదో, అడక్కుండానే నాలుగైదు బొమ్మలు కలిపేసి గోడంతా పట్టపగల్లా తెల్లగా చేసి చూపించింది. నీడ ఏదీ? సగం కరిగిపోయింది! ఏ నీడ కోసం అక్కడికి వెళ్తామో దాన్నే తుడిచేస్తే ఇంకేముంది? ఫోనులోనూ వెలుగు తగ్గించుకోవచ్చు, కాదనను. తగ్గించాక చూస్తే చీకటంతా ఇసక చల్లినట్టుంది. కెమెరాలో వెలుతురు మీట ఒక మెట్టు కిందికి దించి, గోడకి ఆనుకుని నొక్కాను. నీడ నీడలాగే వచ్చింది. దాని కడుపులో ఉన్నది "ఒక అంగుళం" సెన్సారు. పేరుకే అంగుళం, అసలు కొలత 13.2 x 8.8 మిల్లీమీటర్లు. అయినా మామూలు చౌక కాంపాక్టులో ఉండే దానికి నాలుగింతలు. వెలుతురు పట్టే దోసిలి పెద్దదన్నమాట!

అంతే, హైదరాబాద్ కోఠీకి బస్సెక్కాను. 2025లో వచ్చిన పానాసోనిక్ టీజెడ్99 ముప్ఫైరెట్లు దగ్గరికి లాగుతుంది గానీ సెన్సారు చిన్నది. సోనీ ఆర్ఎక్స్100 వరసలోనూ, కెనాన్ జీ7ఎక్స్ వరసలోనూ ఒక అంగుళం ఉంది. కొత్తవి నా జేబుకి అందలేదు. వాడిన పాతది బేరమాడి పట్టాను.

మీరూ పాతది కొనేట్టయితే మూడు చూడండి. లెన్సు పదిసార్లు తెరిచి మూయండి, గరగరమంటే వద్దు. ఎఫ్8 దగ్గర తెల్లగోడని ఫొటో తీసి పెద్దది చేయండి, నల్లచుక్కలుంటే లోపల దుమ్ము చేరినట్టే. బ్యాటరీ ఇంకా బజార్లో దొరుకుతోందో లేదో అడగండి.

అన్నట్టు, నల్గొండ నుంచి పానగల్లు నాలుగు కిలోమీటర్లే. పూజారిగారి అనుమతి అడిగే తియ్యండి. ఫ్లాష్ మాత్రం వేసేరు సుమా.... అది వెలిగిందా, నీడ మాయం!