మా తోట పుస్తకము

అన్నవరంలో మా ఇంటి వెనుక నలభై సెంట్ల మెట్ట ఉంది. 2016లో మన రాష్ట్రంలో ప్రకృతి సేద్యం మొదలైనప్పుడు సుభాష్ పాలేకర్ గారి అయిదంతస్తుల తోట సంగతి విన్నాము. ఆయన లెక్క 36 అడుగుల చదరం. మేము మాత్రం మా నేల చూసుకొని కాగితంమీద గీసుకున్నాము. కొబ్బరికీ కొబ్బరికీ మధ్య 25 అడుగులు, ఆ నడుమ అరటి, నిమ్మ, నీడన కంద, పసుపు, కొబ్బరి మొదలుకు మిరియాల తీగ. పొడుగు చెట్లు ఉత్తరాన, పొట్టివి దక్షిణాన. ఎండ అన్నిటికీ అందాలి గదా!

గీయడం ఒక్కరోజు పని. గుర్తుంచుకోవడమే ఏళ్ళ పని. సిరా వానకు పోతుంది గనుక డబ్బా రేకు ముక్కలమీద మేకుతో అంకె పొడిచి, తీగతో వదులుగా కట్టాము. బిగిస్తే బెరడు కోసుకుపోతుంది. అదే అంకె క్రింద నోటుపుస్తకంలో నాటిన నెల, గింజదో అంటుదో, తొలి పూత, కాపు రాస్తాము. చచ్చినవాటికీ ఒక పేజీ ఉంది. మాకు ఎక్కువ నేర్పింది ఆ పేజీయే.

17వ అంకె పనస నీడే తప్ప కాయ ఇవ్వడంలేదు, కొట్టేయమన్నారు ఇంట్లో పెద్దలు. పుస్తకం తీస్తే అది గింజ మొక్క, ఆరో ఏడు. గింజ పనస కాపుకు ఏడెనిమిదేళ్ళు పడుతుంది. లూకా 13లో తోటమాలి అంజూరపు చెట్టుకు ఇంకొక్క ఏడు అడిగాడు. మేము రెండు అడిగాము, పెద్దలు ఒకటే ఇచ్చారు. చుట్టూ తవ్వి, పశువుల ఎరువు వేసి, ఆ తేదీ కూడా రాసిపెట్టాము.