పక్కన పెట్టిన విమానాలు

మన బ్రాంచ్‌లో చాలామందికి నేను "విమానాల పిచ్చోడు"గానే తెలుసు. హాస్టల్ టెర్రస్ మీద ఉన్నప్పుడు పైనుంచి ఏదైనా పోతే, అది ఏ రకం విమానమో ఫోన్ చూడకుండా చెప్పడానికి ట్రై చేస్తాను. సగం సార్లు కరెక్టే. దీన్ని స్పాటింగ్ అంటారు. రైలింజన్ల నంబర్లు రాసుకునేవాళ్లు ఉన్నట్టే విమానాల నంబర్లు రాసుకునేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. మామూలుగా ఎయిర్‌పోర్ట్ గోడ బయట నిలబడి దిగేవాటినీ ఎగిరేవాటినీ ఫొటోలు తీస్తారు. ఈ వేసవిలో నేను చూసొచ్చినవి మాత్రం దిగేవీ కావు, ఎగిరేవీ కావు. ఊరికే నిలబడి ఉన్నవి.

అక్కకి మే నెలలో డెలివరీ. అమ్మ వెళ్లాలి, అమ్మకి ఇమిగ్రేషన్ కౌంటర్ అంటే భయం, కాబట్టి తోడుగా నన్ను పంపారు. నాన్నకి సెలవు దొరకలేదు. అక్కా బావా ఉండేది అరిజోనాలో, ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో. అక్కడి నుంచి ఐ-10 హైవే మీద టక్సన్ వైపు గంటసేపు వెళ్తే, పికాచో కొండ దాటాక, కుడివైపు దూరంగా పొదల పైన తోకలు కనబడతాయి. విమానం మొత్తం కనబడదు, తోకలే. ఒక్కో తోక మీద ఒక్కో దేశం రంగు, కొన్నిటి మీద రంగే లేదు. బావ అటువైపు ఎన్నోసార్లు వెళ్లాడట, ఏదో ఎయిర్‌పోర్ట్ అనుకున్నాడట. ఎయిర్‌పోర్టే. మరానా అనే ఊరి దగ్గర పినాల్ ఎయిర్‌పార్క్. కాకపోతే అక్కడ ప్యాసింజర్లు ఉండరు.

దానికి పెద్ద కథే ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో పైలట్లకి ట్రైనింగ్ ఇవ్వడానికి కట్టారు. తర్వాత కొన్నాళ్లు సీఐఏతో సంబంధమున్న ఒక విమాన కంపెనీ అక్కడి నుంచి నడిచింది. 2018 జనవరి 3న డెల్టా ఎయిర్‌లైన్స్ తన ఆఖరి 747ని అక్కడే దించింది. ఆ చివరి ప్రయాణంలో, గాల్లో ఉండగానే, ఆ ఎయిర్‌లైన్ పైలట్‌కీ ఫ్లైట్ అటెండెంట్‌కీ పెళ్లి జరిగింది. విమానాన్ని స్మశానానికి తీసుకెళ్తూ దాంట్లోనే పెళ్లి! మా అమ్మమ్మకి చెబితే "ముహూర్తం ఎవరు పెట్టార్రా" అంది.

ఎడారే ఎందుకంటే కారణం చాలా సింపుల్. విశాఖలో మేడ మీద ఇనుప కుర్చీ ఒక్క వానాకాలం వదిలేసి చూడండి, ఏమవుతుందో. విమానానికీ అంతే, తేమ పడదు. అరిజోనాలో వాన తక్కువ, గాలి పొడి, నేల గట్టిది. వందల టన్నుల విమానాన్ని నిలబెట్టినా చాలాచోట్ల చక్రం దిగబడదు. ఎండా, దుమ్మూ ఉంటాయి నిజమే, వాటికి కవర్లు కట్టుకోవచ్చు. తుప్పుకి కవర్ కట్టలేం. టక్సన్‌లో సైన్యం వాళ్ల యార్డ్ ఇంకా పెద్దది, అందులో యుద్ధ విమానాలు వేలల్లో ఉంటాయి. కాలిఫోర్నియాలో మొహావి, విక్టర్‌విల్, ఆస్ట్రేలియాలో ఆలిస్ స్ప్రింగ్స్ కూడా ఇలాంటివే. కోవిడ్‌లో సింగపూర్ ఎయిర్‌లైన్స్ తన ఏ380లు కొన్నిటిని ఆలిస్ స్ప్రింగ్స్‌లోనే దాచింది. విక్టర్‌విల్‌లో క్వాంటాస్ ఏ380ల చక్రాల్లో రాటిల్ స్నేక్స్ దూరేవట. అందుకని ఇంజనీర్లు ముందు చీపురు కర్రతో చక్రాలు కొట్టి, తర్వాత పని మొదలుపెట్టేవాళ్లట. మనం పొలంలో చేసేదే.

ఇలాంటి చోట్లని అందరూ విమానాల స్మశానం అంటారు, పైన నేను కూడా అన్నాను. కానీ అక్కడున్నవన్నీ చచ్చిపోయినవి కావు. 2020 ఏప్రిల్ నాటికి ప్రపంచంలో దాదాపు 16,000 ప్యాసింజర్ విమానాలు నేల మీదే ఉండిపోయాయి. వాటిలో చాలావరకు మళ్లీ ఎగిరాయి. మన దేశంలో అయితే ఎడారికి కూడా పంపలేదు, ఉన్న ఎయిర్‌పోర్టుల్లోనే వరసగా నిలిపారు. మా నాన్న భాషలో ఇవి రెండు వేరే మాటలు. ఒకటి "పక్కన పెట్టారు". రెండోది "విప్పేశారు". పక్కన పెట్టినదానికి రోజూ ఏదో ఒక పని ఉంటుంది. ఇంజిన్‌లో తేమ చేరకుండా సిలికా జెల్ సంచులు పెట్టి, మూతులు మూసి కడతారు. కిటికీలకి వెండిరంగు రేకు అతికిస్తారు. టైరు ఒకేవైపు బరువు పడి చదునవకుండా అప్పుడప్పుడు చక్రాలు కొంచెం తిప్పుతారు. విప్పేసినదానికి ఇవేవీ ఉండవు. అన్నిటికన్నా ఖరీదైనవి కాబట్టి ముందు ఇంజిన్లు పోతాయి. తర్వాత ల్యాండింగ్ గేర్, కాక్‌పిట్‌లోని పెట్టెలు. ఆఖరికి మిగిలిన అల్యూమినియం డొక్కుని ముక్కలు చేస్తారు. ఆ రేకు ముక్కల్ని కీచెయిన్లు చేసి అమ్మేవాళ్లు కూడా ఉన్నారు.

ఇప్పుడు నాన్న సంగతి చెప్పాలి. నాన్న లైన్ మెయింటెనెన్స్ టెక్నీషియన్. బేగంపేటలో మొదలుపెట్టి, 2008లో శంషాబాద్ తెరిచాక అక్కడికి మారాడు. నేను స్కూల్లో ఉండగా ఆయన పనిచేసిన ఎయిర్‌లైన్ మూతపడింది. దాని పేరు రాయను. కొన్ని నెలల జీతం ఇప్పటికీ రాలేదు. ఇప్పుడు ఒక లిఫ్టుల మెయింటెనెన్స్ కంపెనీలో ఉన్నాడు. "లిఫ్టు కూడా పైకీ కిందకీ పోయేదే కదా" అని ఒకసారి జోకేశాడు, ఇంట్లో ఎవరూ నవ్వలేదు. విమానాల గురించి మాట్లాడటం మాత్రం దాదాపు మానేశాడు. 2024 ఏప్రిల్ 22న ఎయిర్ ఇండియా ఆఖరి 747 ముంబై నుంచి అమెరికా వెళ్లిపోతూ రెక్కలు ఊపిన వీడియోని మాత్రం భోజనం చేస్తూ నాలుగుసార్లు చూశాడు. ఏమీ అనలేదు.

నాన్న ఎక్కువగా చూసుకున్న విమానం ఒకటి ఉంది, బోయింగ్ 737-800. చిన్నప్పుడు నాకు దాని నంబరు మా స్కూటర్ నంబరు కన్నా బాగా గుర్తుండేది. (ఇక్కడ రాస్తే గూగుల్‌లో ఎయిర్‌లైన్ పేరు వచ్చేస్తుంది, అందుకే రాయట్లేదు.) కంపెనీ మూతపడ్డాక దాన్ని అసలు ఓనర్లు తీసుకెళ్లిపోయారు. ఎయిర్‌లైన్లు చాలావరకు అద్దె ఇంట్లో ఉన్నట్టే. మనం విమానం మీద చూసే పేరు అద్దెకున్నవాడిది. అద్దెకున్నవాడు మారితే రంగు మారుతుంది, దేశం మారితే రిజిస్ట్రేషన్ కూడా మారుతుంది. మారనిది ఒక్కటే, ఫ్యాక్టరీలో ఇచ్చిన సీరియల్ నంబర్. డీబీఎంఎస్ చదివినవాళ్లకి ఇంకో వివరణ అక్కర్లేదు: రిజిస్ట్రేషన్ అంటే యూజర్‌నేమ్, సీరియల్ నంబర్ ప్రైమరీ కీ. ఆ కీ పట్టుకుని రెండేళ్లుగా దాన్ని ఫాలో అవుతున్నాను. ఇంకో దేశంలో ఇంకో పేరుతో ఎగిరింది. ఈ జనవరిలో పినాల్‌లో దిగింది. ఆ తర్వాత కదల్లేదు.

అరిజోనా వెళ్తున్నామని తెలిసినప్పుడు అందరూ గ్రాండ్ కాన్యన్ చూస్తావా అని అడిగారు. నేను బావని అడిగింది ఇది. "ఏరా, ఇంత దూరం వచ్చి పాడుబడ్డ విమానాలు చూస్తావా?" అన్నాడు. అన్నా తీసుకెళ్లాడు, జూమ్ కెమెరా కూడా పట్టుకొచ్చాడు.

అక్కడ ఉదయం ఏడున్నర, హైదరాబాద్‌లో రాత్రి ఎనిమిది. కంచె బయట రోడ్డు పక్కన నిలబడ్డాం. ఎంత నిశ్శబ్దమంటే, ఎయిర్‌పోర్ట్ అనే మాటకే సరిపోని నిశ్శబ్దం. ముందు వరసలో పెద్దవి, కొన్నిటికి ఇంజిన్లు లేవు. ఒకదానికి ఇంజిన్ల చోట సిమెంటు దిమ్మలు వేలాడుతున్నాయి. వాటి వెనకాల తెల్లటి 737లు మూడు. 737ని గుర్తుపట్టడం తేలిక, ఇంజిన్ కిందవైపు గుండ్రంగా కాకుండా చదునుగా నొక్కినట్టు ఉంటుంది. పేర్లు తెల్లరంగుతో కొట్టేశారు. పొద్దుటి ఎండ వాలుగా పడుతోంది కాబట్టి రెండోదాని మీద రంగు కింద పాత అక్షరాల అంచులు లీలగా తెలుస్తున్నాయి. ముక్కు చక్రం తలుపు మీద నంబరు ఆఖరి అక్షరాలు జూమ్‌లో చదివాను. అదే.

నాన్నకి వీడియో కాల్ చేసి, "నాన్నా, ఒకటి చూపిస్తా, ఏంటో చెప్పు" అని కెమెరా స్క్రీన్‌ని ఫోన్ ముందు పెట్టాను.

చూశాడు. "మరానాలో ఉన్నావా?" అన్నాడు.

"నీకెలా తెలుసు?"

"జనవరిలో వచ్చింది కదరా అక్కడికి."

నేను రెండేళ్లుగా ఒక్కడినే ఫాలో అవుతున్నాననుకున్నాను. ఆయన ఆరేళ్లుగా చూస్తున్నాడట. మధ్యలో రెండుసార్లు రంగు మారడం, ఒకసారి టైరు పేలి రెండు రోజులు ఆగిపోవడం, అన్నీ తెలుసు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాత ఇరవై నిమిషాలు ఆయనే మాట్లాడాడు, నేను కెమెరా తిప్పుతూ ఉన్నాను. సిమెంటు దిమ్మలు ఎందుకని బావ వెనకనుంచి అడిగితే, "రెక్కకి ముందువైపు ఉండే బరువు ఇంజినే కదా బాబూ, అది తీసేస్తే తోక బరువై వెనక్కి కూలబడొచ్చు, గాలికి ఊగుతుంది కూడా" అని చెప్పాడు. మామగారు ఇంతసేపు మాట్లాడటం బావ పెళ్లయినప్పటి నుంచి వినలేదు. తర్వాత మళ్లీ మన విమానం దగ్గరికి రమ్మన్నాడు.

"ఇంజిన్లు రెండూ ఉన్నాయా?"

"ఉన్నాయి. కవర్లు కట్టారు."

"కాక్‌పిట్ అద్దాల మీద రేకు చూపించు. ఇంకా దగ్గరగా. ఆ ఎడమవైపు టేపు పాతదేనా?"

జూమ్ చేశాను. మిగతా టేపంతా ఎండకి వెలిసిపోయింది, ఎడమవైపు అంచున ఒక్క పట్టీ మాత్రం కొత్తగా మెరుస్తోంది. చెప్పాను.

"అయితే ఎవరో వచ్చి చూసుకుంటున్నారు. విప్పేసేదైతే టేపు ఎందుకు మారుస్తారు?" కాసేపు ఆగి, "కింద అంచు సరిగా నొక్కలేదు చూడు. గాలి దుమారం వస్తే మళ్లీ లేస్తుంది అది" అన్నాడు.

ఇంతలో సిగ్నల్ పోయింది. కారెక్కి పికాచో దాకా వచ్చాక నాన్న మెసేజ్ వచ్చింది. ఎండలో ఎక్కువసేపు ఉండొద్దని, వెనకాల వరస ఫొటోలు కూడా ఉంటే పంపమని.