ముందు చక్రమా, వెనుక చక్రమా?

పత్తర్‌గట్టిలో దొరకని వస్తువు లేదంటారు. ముత్యాలు, అత్తరు, పెళ్లి బట్టలు, సుర్మా... 1908 మూసీ వరద తర్వాత, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కట్టించిన ఆ రాతి కమానుల కింద నడుస్తూ పోతే అన్నీ ఉంటాయి. కారు మాత్రం ఉండదు. కాని, కారును తామే చేసుకుందామనుకునే పిచ్చివాళ్లు దొరుకుతారు. ఆ కమానుల వెనుక సందులో, మా మిత్రుడి వాళ్ల పాత బట్టల గోదాములో, అటువంటి వాళ్లం నలుగురం సాయంత్రాలు కూడుతున్నాం.

మాది ఊళ్లో తిరిగే కారు కాదు. ఒకే గీత మీద, ఒకే దిక్కుకు, ఎంత వేగంగా పోగలదో చూసుకోవడానికి చేస్తున్న బండి. పాత బుల్లెట్ ఇంజను, స్క్రాపు గొట్టాలు. గంటకు 80 కిలోమీటర్లు వస్తే పండగే! రికార్డుల ఊసు మాకు లేదు మిత్రులారా! పరుగు తీసే చోటు మిర్యాలగూడ దిక్కున మా ఊరి చెరువు. మే నెలలో ఎండిపోతుంది. మధ్యలో నల్లమట్టి నెర్రెలు బారుతుంది గాని, ఒక అంచున చవుడునేల బండలా గట్టిపడుతుంది. నవ్వకండి, ప్రపంచ రికార్డులు పుట్టిన అమెరికాలోని బ్లాక్ రాక్ ఎడారి కూడా ఎండిన చెరువు అడుగే!

నలుగురిలో బరువు తక్కువవాణ్ణి నేను. కనుక కూర్చునేది నేను. ఈ సంగతి తేలిన నాటి నుంచి స్టీరింగ్ విషయంలో నాకు శ్రద్ధ మరీ ఎక్కువైంది.

గోదాము మిత్రుడి పట్టు ఒకటే: తిరిగేది వెనుక చక్రాలే కావాలని. వాడి దేవుడు థ్రస్ట్ ఎస్ఎస్‌సీ. 1997 అక్టోబరు 15న ఆండీ గ్రీన్ అనే బ్రిటిష్ వైమానిక దళ పైలట్ దాన్ని బ్లాక్ రాక్‌లో గంటకు 1,228 కిలోమీటర్ల దాకా తోలి, నేల మీద ధ్వని వేగాన్ని దాటాడు. దానికి స్టీరింగ్ వెనుకనే. "వాళ్లు చేయంగ లేనిది మనం చేస్తే తప్పా భాయ్?" అంటాడు. తప్పు కాదు. కాని వాళ్లు ఎందుకు చేశారు? రెండు స్పే జెట్ ఇంజన్లు ముందుభాగంలో ఇరుపక్కలా కూర్చున్నాయి, ముందు చక్రాలు తిరగడానికి జాగా లేదు. సన్నని వెనుకభాగంలో రెండు చక్రాలను ఒకదాని వెనుక ఒకటిగా, కాస్త పక్కకు జరిపి అమర్చి, వాటిని తిప్పారు. అది కూడా ముందుగా ఒక మినీ కారును అట్లాగే మార్చి, నడిపి చూసుకున్నాకే. మాకున్నది ఒక్క బుల్లెట్ ఇంజను, జాగాకు కరువేమిటి? వాళ్లే నయమనిపించి ఉంటే తర్వాత వచ్చిన బ్లడ్‌హౌండ్‌కూ అదే పెట్టేవారు గదా! 2019లో దక్షిణాఫ్రికాలో వెయ్యి కిలోమీటర్ల వేగం దాటిన ఆ బండికి తిరిగేవి ముందు చక్రాలే.

వెనుక స్టీరింగ్ నాకు పుస్తకాల్లో చూసిన వింత కాదు. మా దిక్కు వరికోతకు వచ్చే టైరు మిషన్లన్నిటికీ అదే. (చైను మిషన్ల సంగతి వేరు, అవి ఒక చైను ఆపి ఇంకో చైనుతో తిరుగుతాయి.) మడిలో అది ఎంతో సుఖం. కోత పళ్లెం వరస మీదనే ఉంటుంది, వెనుకభాగం తిరుగుతుంది. రోడ్డెక్కిందా, డ్రైవరు ముఖం మారిపోతుంది! ఎడమకు తిప్పితే తోక కుడికి ఊగుతుంది. దాన్ని సర్దబోతే ఇటు ఊగుతుంది. అందుకే ఎంత తొందరున్నా మెల్లగా తోలుతారు.

దీని మర్మం బాణాన్ని చూస్తే తెలుస్తుంది. ఈకలు వెనుక ఉంటాయి గనుకే బాణం నిటారుగా పోతుంది. ముందు చక్రాలు తిరిగే బండిలో, బిగించి ఉన్న వెనుక చక్రాలు ఆ ఈకల పని చేస్తాయి. ముందు కాస్త వదులున్నా వెనుక చక్రాలు దారిలో పెడతాయి. వదులు వెనుకనే ఉంటే? ఊడిన ఈకలతో బాణం వేసినట్టు.

ఇంకొక మిత్రుడికి ఆకర్‌మాన్ సిద్ధాంతం మీద మోజు. మ్యూనిక్‌లో లాంకెన్‌స్పెర్గర్ కనిపెడితే, 1818లో లండన్‌లో ఆకర్‌మాన్ పేటెంటు తీసుకున్న అమరిక అది. మలుపులో లోపలి చక్రం బయటి చక్రం కంటే ఎక్కువ తిరగాలి. ఇరానీ చాయ్ తాగుతూ లెక్క వేశాం. ముందు వెనుక ఇరుసుల మధ్య 2.4 మీటర్లు, చక్రాల మధ్య 1.2 మీటర్లు అనుకుంటే, 6 మీటర్ల వ్యాసార్ధపు మలుపులో లోపలి చక్రం 24 డిగ్రీలు, బయటిది 20 డిగ్రీలు తిరగాలి. నాలుగు డిగ్రీల తేడా! అదే 60 మీటర్ల మలుపైతే తేడా డిగ్రీలో ఇరవయ్యో వంతు. చెరువులో మేము కొట్టబోయే మలుపులేమిటి, గీత తప్పకపోతే చాలు గదా!

మరి దేనికి భయపడాలి? గోదాము పక్క సందులో వెల్డింగు చేసే ఉస్తాద్ ఒక్క ముక్కలో చెప్పాడు: "చూడు బేటా, నీ బండి తిరిగేది లేదు, సీదా పోయేదే. స్టీరింగుల లూజు ఉండొద్దు, గంతే." ఆ లూజుకూ లెక్క కట్టాను. చక్రం ఒక్క డిగ్రీ పక్కకు జరిగితే, గంటకు 20 కిలోమీటర్ల వేగంలో బండి ఒక సెకనులో 11 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. 80లో అయితే 1.8 మీటర్లు! వేగం నాలుగింతలైతే తప్పుదారి పదహారింతలు. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

ఒక ఆదివారం బహదూర్‌పురాలో, జూపార్కు దగ్గరున్న సుధా కార్ల మ్యూజియానికి పోయాం. సుధాకర్ గారు క్రికెట్ బ్యాటు, బర్గరు, బూటు ఆకారాల్లో నడిచే కార్లు చేసి పెట్టారు. 2005 జులై 1న ఇదే నగరంలో ఆయన తొక్కిన మూడు చక్రాల సైకిలు ఎత్తు 12.67 మీటర్లు, చక్రం అడ్డకొలతే 5.18 మీటర్లు. అది గిన్నిస్ కెక్కింది. జనమంతా బర్గరును చూస్తుంటే మేము వంగి కింది భాగం చూడాలని తంటాలు పడ్డాం. పైన ఏ ఆకారమైనా చేయవచ్చు, నేలకు ఆనేది మాత్రం చక్రమే. ఇంటి దగ్గర కారు చేయడం పిచ్చి కాదన్న ధైర్యం మాత్రం వచ్చింది.

చివరికి నేను గట్టిగా చెప్పేశాను: వెనుక స్టీరింగ్ అయితే కూర్చునేవాణ్ణి వేరే చూసుకోండని. రెండు రోజులు గోదాము తాళం తెరుచుకోలేదు. మూడోనాడు వాడే ఫోను చేశాడు. ఒప్పందం ఇట్లా కుదిరింది. ముందు రెండు చక్రాలూ తిరుగుతాయి. స్టీరింగుకు పాత మారుతీ 800 ర్యాక్. చక్రం దగ్గరి చెయ్యిని పొడుగు చేస్తాం, అప్పుడు స్టీరింగ్ ఎంత తిప్పినా చక్రం కొంచెమే తిరుగుతుంది, ర్యాక్‌లోని లూజు కూడా అంతే తగ్గుతుంది. సైకిలు ఫోర్కులాగా ఇరుసు కీలును వెనక్కి వంచి పెడతాం, చక్రం తనంతట తాను నిటారుకు వచ్చేటట్టు. ఇరుసుల నడుమ దూరం 3 మీటర్లకు పెంచుతాం. బదులుగా బండి తోక ఆకారం మొత్తం వాడి ఇష్టం.

ఇంటికి ఫోను చేసి ఇదంతా చెబితే నాయిన ఓపికగా విన్నాడు. ఆయనకు ఆకర్‌మాన్ అక్కర లేదు. "బిరేకులు ఎన్ని చక్రాలకున్నయి బిడ్డా? ట్రాక్టర్ రోడ్డెక్కితే రెండు బిరేకు పెడళ్లను కలిపి కొక్కెం ఎయ్యాలె. ఒక్క దిక్కే పడ్తె బండి గిర్రున తిరుగుతది" అన్నాడు.

మా దగ్గర వెనుక చక్రాల డ్రమ్ములు రెండే ఉన్నాయి. ముందు రెండింటి కోసం ఈ శనివారం పుత్లీబౌలి పోవాలి. అవి దొరికి, ఉస్తాద్ బిగించేదాకా ఇంజను స్టార్టు చేయొద్దని గోదాము తాళంచెవి నా దగ్గరే పెట్టుకున్నాను.