డప్పు కాగే వేళ

డప్పు నేర్చుకోవడం మంట దగ్గర మొదలవుతుంది. డప్పు నేర్పే శిబిరంలో గురువు ముందుగా దరువు చెప్పడు. ఎండుపుల్లలు పోగేసి నిప్పు రాజేసి, డప్పును సెగకు పట్టమంటాడు. తోలు తేమ వదిలి బిగుసుకునేదాకా తిప్పుతూనే ఉండాలి. ఆయన వేలితో తట్టి వింటాడు, ఇంకా కాగాలంటాడు. మరీ కాగితే తోలు పాడవుతుంది. ఆ హద్దు చెవికే తెలియాలి.

ఆపైన కుడిచేతికి సిర్ర అనే లావు పుల్ల, ఎడమచేతికి చిటికెన పుల్ల అనే సన్నపుల్ల. లావు పుల్ల అడిగితే సన్నపుల్ల జవాబు చెప్పాలి. కొత్తలో ఎడమచెయ్యి మాట వినదు. అడుగు పడితే గానీ దరువు కుదరదు.

మా చిన్నప్పుడు ఊళ్లో చావుకీ జాతరకీ చాటింపుకీ డప్పే కావాలి. కొట్టే మాదిగ మనిషి మాత్రం గడప అవతలే. ఆ దరువుకు ఒళ్లు మరిచి ఊగినవాళ్లే ఆ చేతిని తాకేవాళ్లు కాదు. ఇప్పుడు అదే డప్పును భుజాన వేసుకుని కాలేజీ అమ్మాయిలు వరుసగా నిలబడుతుంటే కళ్లు చెమరుస్తాయి. అయినా ఒక ప్రశ్న నన్ను వదలదు. వాద్యానికి దక్కిన ఈ మర్యాద, దాన్ని తరతరాలుగా కాపాడిన ఇళ్లదాకా వెళ్లిందా? కిన్నెర అనే తీగవాద్యాన్నే చూడండి. 2022లో దాన్ని వాయించే కిన్నెర మొగిలయ్యకు పద్మశ్రీ వచ్చింది. కిన్నెర పట్టిన వేళ్లు మాత్రం ఇవాళ్టికీ బహుకొద్ది.

మీ ఊళ్లో శిబిరం పెడితే డప్పును కాపాడిన ఆ ఇళ్ల పెద్దలనే గురువులుగా పిలవండి. గురుదక్షిణ వాళ్ల చేతికే ఇవ్వండి.